చిన్న ఇంజిన్‌లో కంప్రెషన్ పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

"అన్నా, హెడ్ కోయిస్తే పికప్ ఎంత పెరుగుద్ది?" విజయవాడలో మా షెడ్డుకొచ్చే కుర్రాళ్లలో నెలకు ఇద్దరు ముగ్గురైనా ఈ మాట అడుగుతారు. హెడ్ అంటే ఇంజిన్ నెత్తిన మూతలాంటి భాగం, దాని అడుగు కాస్త కోయిస్తే కంప్రెషన్ పెరుగుతుంది. ప్రతిసారీ నిలబడి చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇందులో ఉన్నది ఎక్కువగా 100 నుంచి 350 సీసీ దాకా, గాలికి చల్లబడే పెట్రోల్ ఇంజిన్ల సంగతి. లెక్కలకు స్ప్లెండర్ తరహా 97.2 సీసీ ఇంజిన్‌ని తీసుకున్నాను. మన ఊళ్లల్లో ఎక్కడ చూసినా కనిపించేది అదే.

కంప్రెషన్ రేషియో అంటే ఏమిటి?

పిస్టన్ అడుక్కి దిగినప్పుడు దాని పైన ఎంత చోటుందో చూడండి. పైకి వచ్చాక ఎంత మిగిలిందో చూడండి. మొదటిది రెండోదానికి ఎన్ని రెట్లుంటే అదే రేషియో.

మన ఇంజిన్ బోరు (పిస్టన్ కదిలే గొట్టం వెడల్పు) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 49.5 మి.మీ. పిస్టన్ ఒకసారి ఊడ్చే చోటు 97.2 సీసీ. పైన 12.15 సీసీ మిగిలితే మొత్తం 109.35, దాన్ని 12.15తో భాగిస్తే 9. అంతే లెక్క. రేషియో మోడల్‌ని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ 9 అనుకుని నడుద్దాం, మీ బండిది మాన్యువల్‌లో చూసుకోండి.

12 సీసీ అంటే రెండున్నర టీస్పూన్లు కూడా ఉండదు. మంట అంతా మొదలయ్యేది ఆ చోటులోనే. ఇందులో ఒక సీసీ అటూ ఇటూ అయితే బండి స్వభావమే మారిపోతుంది. అందుకే ఈ పని చేతివాటంగా చేసేది కాదు.

రేషియో పెంచితే పవర్ ఎక్కడి నుంచి వస్తుంది?

లోపలికి వెళ్లే పెట్రోల్ పెరగదు. అదే పెట్రోల్‌తో ఎక్కువ పని చేయించుకుంటాం. చిన్న చోటులో మండిన వాయువు పిస్టన్‌ని తోస్తూ ఎక్కువ రెట్లు వ్యాకోచిస్తుంది. సైలెన్సర్‌లోకి వేడిగా వెళ్లిపోయే శక్తిలో కొంత క్రాంక్‌కి (పిస్టన్ తోపుతో తిరిగే ఇరుసుకి) దక్కుతుంది.

సరే, ఎంత పెరుగుతుంది? ఇరవై శాతం అని విన్నాను.

ఎవరు చెప్పారో గానీ బాగానే ఊదారు. ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఉండే ఆటో (Otto) సైకిల్ సూత్రంతో, అంటే పెట్రోల్ ఇంజిన్ పనితీరు లెక్కతో చూస్తే 7 నుంచి 8కి పెంచినప్పుడు నాలుగున్నర శాతం దాకా వస్తుంది. 8 నుంచి 9కి మూడున్నర, 9 నుంచి 10కి మూడు, 10 నుంచి 11కి రెండున్నర. పైకి పోయే కొద్దీ లాభం తగ్గుతుంది, తిప్పలు పెరుగుతాయి.

ఏడున్నర గుర్రాల బండికి మూడు శాతం అంటే పావు గుర్రం కూడా కాదు. హెడ్ కోయించుకుని వెళ్లినవాళ్లు "అదిరిపోయింది అన్నా" అంటారంటే దానికి వేరే కారణం ఉంటుంది. హెడ్ విప్పినప్పుడు వాల్వులు (గాలీ పొగా వెళ్లే తలుపులు) రుద్దారు, కార్బన్ గీకారు, టాపెట్లు (వాల్వుని నొక్కే చోట ఉండే సందు) సెట్ చేశారు, హెడ్ కింద కొత్త ప్యాకింగ్ (లీకు ఆపే పల్చటి పొర) వేశారు. సగానికి పైగా తేడా అక్కడిది, పేరు మాత్రం కోతకి వచ్చింది.

కంప్రెషన్ వల్ల వచ్చేది ఎక్కువగా కింది స్పీడుల్లోనే తెలుస్తుంది. మూడో గేరులో ముప్ఫై మీద వెళ్తూ థ్రాటిల్ తిప్పితే బండి కాస్త చురుగ్గా అందుకుంటుంది. టాప్ స్పీడులో తేడా వెతక్కండి.

నా బండి పాతది, పికప్ లేదు. కంప్రెషన్ పెంచితే బాగుపడుతుందా?

ముందు ఉన్న కంప్రెషన్ ఉందో పోయిందో చూడండి. నా దగ్గరికి "పెంచాలి" అంటూ వచ్చే బండ్లలో చాలావాటికి కావలసింది పోయినదాన్ని వెనక్కి తేవడమే.

పరీక్ష చిన్నదే. ఇంజిన్ వేడెక్కాక స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ బిగించాలి. థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇంక కదలదనే దాకా కిక్ కొట్టాలి. ఆరేడు కిక్కులకి తేలిపోతుంది. థ్రాటిల్ మూసి కొడితే లోపలికి గాలే రాదు, మంచి ఇంజిన్ కూడా చచ్చిపోయినట్టు చూపిస్తుంది. ఈ తప్పు మెకానిక్‌లు కూడా చేస్తుంటారు.

అంకె మాన్యువల్‌లో చెప్పినదానికంటే బాగా తక్కువ వస్తే, ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. ఆయిల్ పోసినా కదల్లేదంటే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు, లేదా హెడ్ ప్యాకింగ్ లీకవుతోంది.

పోయినేడాది ఒకతను 100 సీసీ బండి తెచ్చి, "ఎంతైనా పర్లేదు, రేసు బండిలా చేయండి" అన్నాడు. గేజ్ పెడితే ముల్లు కిలోల (kg/cm²) లెక్కలో ఆరు కూడా దాటలేదు. హెడ్ దించి, వాల్వులు ఉన్నచోటే ఉంచి, ఇన్లెట్ పోర్టులో (గాలి లోపలికొచ్చే దారిలో) పెట్రోల్ పోశాను. ఐదు నిమిషాలైనా చుక్క కారలేదు. ఎగ్జాస్ట్ పోర్టులో (పొగ బయటికెళ్లే దారిలో) పోస్తే, పోసింది పోసినట్టే వాల్వు అంచు చుట్టూ ఊరి కిందికి జారింది. టాపెట్ గ్యాప్ బొత్తిగా లేక వాల్వు ఎప్పుడూ వెంట్రుకవాసి తెరుచుకునే ఉంది, సీటు మీద నల్లటి మచ్చలు కట్టాయి. గ్రైండింగ్ పేస్టు పెట్టి, రబ్బరు కప్పు కర్రతో రుద్దితే సీటు చుట్టూ సన్నటి బూడిదరంగు వలయం తేలింది. ఆయిల్ సీళ్లు మార్చి బిగించాం. లేత్ మీదకు హెడ్ వెళ్లనే లేదు. అతనికి మాత్రం నేను ఏదో రహస్యంగా చేశానని ఇప్పటికీ అనుమానం.

గేజ్ మీద 12 చూపిస్తోంది. నా రేషియో 12 అనుకోవాలా?

కాదు. రేషియో అంటే చోటుల కొలత, గేజ్ చూపేది ఒత్తిడి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే 9 రేషియో ఉన్న ఇంజిన్ గేజ్ మీద 9 కంటే ఎక్కువే చూపిస్తుంది. మరోవైపు, పిస్టన్ పైకి రావడం మొదలెట్టాక కూడా ఇన్లెట్ వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది కాబట్టి కొంత గాలి వెనక్కి పోతుంది. రేసు క్యామ్ (క్యామ్ అంటే వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసు) వేస్తే ఆ వాల్వు ఇంకా ఆలస్యంగా మూసుకుంటుంది. అలాంటి ఇంజిన్‌లో రేషియో పెంచినా గేజ్ పెద్దగా పెరగదు. పెద్ద క్యామ్ వేసినవాళ్లు కంప్రెషన్ కూడా పెంచేది ఇందుకే. రెండూ జోడు. గేజ్ పని ఇంజిన్ ఆరోగ్యం చెప్పడం, రేషియో కావాలంటే కొలవాల్సిందే.

ఎంతవరకు పెంచొచ్చు?

పెట్రోల్ ఎంత ఓర్చుకుంటుందో అంతవరకు. ఒక హద్దు దాటాక, స్పార్క్ వెలిగించిన మంట అంచులకు చేరేలోపే అక్కడున్న పెట్రోల్, గాలి మిశ్రమం తనంతట తాను పేలిపోతుంది. అదే నాకింగ్. దీని మీద ఇంగ్లండ్‌లో హ్యారీ రికార్డో అనే ఇంజినీరు గట్టిగా పనిచేశాడు. నడుస్తుండగానే కంప్రెషన్ మార్చగలిగే ప్రయోగ ఇంజిన్ కట్టి, ఏ ఇంధనం ఎంతవరకు తట్టుకుంటుందో వరసగా కొలిచాడు. ఇప్పుడు బంకులో మనం వినే ఆక్టేన్ నంబరుకు దారి వేసిన పనుల్లో అదొకటి.

చిన్న ఇంజిన్‌కి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. బోరు చిన్నది కాబట్టి మంట అంచుకు చేరే దూరం తక్కువ, దానంతటదే పేలడానికి వ్యవధి దొరకదు. పెద్ద బోరు బుల్లెట్ ఓర్చుకోలేని రేషియోని 100 సీసీ బండి ఓర్చుకుంటుంది. దురదృష్టం కూడా ఉంది: గాలికి చల్లబడేది కాబట్టి ట్రాఫిక్‌లో నిలబడితే హెడ్ కాలిపోతుంది.

నా లెక్క ఇది. రెండు వాల్వుల, గాలికి చల్లబడే 100–125 సీసీ బండికి మామూలు పెట్రోల్ మీద 10 దగ్గర ఆగండి. కంపెనీ వాళ్లే 10 దగ్గర ఇచ్చి ఉంటే అసలు ముట్టుకోకండి. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి 8 చాలు. యమహా ఆర్15 మొదట్లో 10.4తో వచ్చి తర్వాత 11.6కి వెళ్లింది కదా అనొచ్చు. దానికి నీళ్ల కూలింగ్, నాలుగు వాల్వులు, ఇంజెక్షన్ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే ఏర్పాటు) ఉన్నాయి. వాటితో పాటు ఇంజిన్ సైజు, వాల్వుల ఏర్పాటు కూడా మార్చారు.

ప్రీమియం పెట్రోల్ పోస్తే సరిపోదా? ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) సంగతేంటి?

ఈ20 రాకముందు మామూలు పెట్రోల్ 91 ఆక్టేన్ ఉండేది. ప్రీమియంలో 95, కొన్ని బంకుల్లో 99, 100 కూడా దొరుకుతున్నాయి. ఆక్టేన్ అంటే ఓర్పు, పవర్ కాదు. స్టాక్ (ఏమీ మార్చని) ఇంజిన్‌లో 100 ఆక్టేన్ పోస్తే జేబు ఖాళీ తప్ప పెద్ద ఫలితం ఉండదు. కంప్రెషన్ పెంచి నాకింగ్ అంచున నడుస్తున్న బండికి మాత్రం ప్రీమియం నిజంగా పనికొస్తుంది. కానీ పల్లెటూళ్ల బంకుల్లో అది దొరకదు. ఊరికెళ్లే బండిని ప్రీమియం మీద ఆధారపడేలా చేయకండి.

ఇథనాల్‌కి ఓర్పు ఎక్కువ, దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. పైగా ఆవిరయ్యేటప్పుడు వేడిని బాగా లాగేస్తుంది. ఆ వరకు ఈ20 మనకు మంచిదే. అయితే ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) మీద కార్బొరేటర్ బండి కాస్త లీన్‌గా (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువగా) నడుస్తుంది. లీన్ అంటే వేడి. కంప్రెషన్ పెంచిన బండిలో మెయిన్ జెట్ ఒక సైజు పెంచకుండా ఈ20 మీద తిప్పడం నాకు ఇష్టం ఉండదు. పాత బండ్లలో పెట్రోల్ పైపులు, కార్బొరేటర్ రబ్బర్లు ఉబ్బడం ఇంకో తలనొప్పి.

"సీసం పెట్రోల్ రోజులే వేరు" అని మా పెద్ద మేస్త్రీలు అంటుంటారు. నిజమే, సీసం కలిపింది నాకింగ్ ఆపడానికే. దేశమంతటా 2000లో అది పోయింది. పోవడమే మంచిదైంది, పిల్లల ఒంట్లో చేరే విషమది.

నాకింగ్ అయితే ఎలా తెలుస్తుంది?

రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు ఉంటుంది. లోడు మీద, కింది ఆర్‌పీఎంలో, థ్రాటిల్ ఎక్కువగా తిప్పినప్పుడు వస్తుంది. టాపెట్ శబ్దం ఖాళీగా నిలబెట్టినా వస్తుంది, ఇది రాదు.

నా మొదటి బండి కథ చెబుతాను, నవ్వుకోండి. హెడ్ తీసుకుని లేత్ షాపుకి వెళ్లాను. "ఎంత తీయమంటావ్?" అన్నాడు మేస్త్రీ. "కొంచెం ఎక్కువే తీయన్నా" అన్నాను. లెక్కా లేదు, పాడూ లేదు. 1.2 మి.మీ. తీశాడు. జనవరిలో బండి గాలిలో తేలినట్టు పోయింది. ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను. మేలో మా తమ్ముణ్ని వెనకాల ఎక్కించుకుని, మిట్టమధ్యాహ్నం హైదరాబాదు రోడ్డు పట్టాను. నందిగామ దాటాక ఎదురుగాలి, టాప్ గేరు, థ్రాటిల్ మొత్తం. గోలీల చప్పుడు మొదలైంది. చైన్ వదులైందేమో అనుకుని అలాగే తోలాను. పది కిలోమీటర్లకి పవర్ పడిపోయి, సైలెన్సర్ నుంచి నీలం పొగ.

విప్పి చూస్తే పిస్టన్ పై అంచు ఒక పక్క ఎలుక కొరికిన కొబ్బరి చిప్పలా ఉంది. పై రింగు విరిగింది. ప్లగ్ తెల్ల పింగాణీ మీద ఆవగింజ కంటే చిన్న వెండి చుక్కలు, అవి కరిగిన పిస్టన్ అల్యూమినియం. అప్పటి నుంచి కోత పనైన ఏ బండికైనా వెయ్యి కిలోమీటర్లలోపు ప్లగ్ తీసి భూతద్దంతో ఆ చుక్కల కోసం చూస్తాను. చెవి మోసపోవచ్చు, ప్లగ్ మోసపోదు. ఇంకోటి, ట్రయల్ ఎండాకాలం మధ్యాహ్నం, ఇద్దరెక్కి చేయాలి. చలికాలం పొద్దున బాగుందంటే అది లెక్కలోకి రాదు.

పెంచడానికి ఏయే దారులున్నాయి?

అన్నింటికంటే తేలిక, పల్చటి ప్యాకింగ్. తర్వాతది హెడ్ ఫేసింగ్, అంటే హెడ్ అడుగు ముఖాన్ని చదునుగా కోయడం. బ్యారెల్ (పిస్టన్ కదిలే సిలిండర్) అడుగున కోయించినా ఫలితం అదే. పై ముఖం ఉబ్బుగా ఉన్న పిస్టన్ వేయొచ్చు. అది మీ ఇంజిన్ కోసమే చేసింది దొరికితే మంచిదే, వేరే బండిది "సరిపోతుందిలే" అని వేస్తే వాల్వు తగులుతుంది.

ఓవర్‌సైజ్ పిస్టన్ వేసినప్పుడు కూడా కొంచెం పెరుగుతుందని చాలామందికి తెలియదు. బోరు 50 నుంచి 51కి వెళ్తే ఊడ్చే చోటు 101 సీసీ అవుతుంది, పైన మిగిలే చోటు, అంటే చాంబర్, అంతే ఉంటుంది. రేషియో 9 కాస్తా 9.3 దగ్గరికి వస్తుంది. అంటే అరిగిన బోరు ఎలాగూ చేయిస్తున్నవాళ్లకి కొంత ఉచితంగానే వస్తోంది. ఆ పైన మళ్లీ హెడ్ కూడా కోయించాలంటే ఈ 0.3ని లెక్కలో కలుపుకోండి.

చాంబర్‌లో పేరుకున్న కార్బన్ కూడా చోటు తినేసి కంప్రెషన్ పెంచుతుంది. కానీ అది నిప్పుకణికలా ఎర్రబడి ముందే అంటిస్తుంది. అలాంటి పెంపు ఎవరికీ వద్దు. కొలిచే ముందు శుభ్రంగా గీకేయండి.

ఎంత కోయాలో ఎలా లెక్కేయాలి?

9 నుంచి 10కి వెళ్లాలనుకుందాం. పైన మిగలాల్సిన చోటు 97.2ని 9తో (కావలసిన 10లోంచి ఒకటి తీసేస్తే 9) భాగిస్తే 10.8 సీసీ. ఇప్పుడున్నది 12.15. తీసేయాల్సింది 1.35 సీసీ. 50 మి.మీ. బోరు వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. 1.35ని 19.6తో భాగిస్తే 0.069 సెం.మీ., అంటే దాదాపు 0.7 మి.మీ. బ్యారెల్ అడుగున కోసినా, ప్యాకింగ్‌లో తగ్గించినా ఇంత. హెడ్‌లోనే కోస్తే చాంబర్ నోరు బోరు కంటే చిన్నదిగా ఉండొచ్చు, అప్పుడు ఆ నోటి వైశాల్యంతో లెక్కేయాలి, కాస్త ఎక్కువ కోయాల్సి వస్తుంది.

పుస్తకంలో 9 అని ఉంది కదా అని ఈ లెక్క చేసేయకండి. మీ హెడ్ ఇంతకుముందు ఎవరు కోశారో ఎవరికి తెలుసు? కొలవండి. ప్లగ్, వాల్వులు బిగించిన హెడ్‌ని తిరగేసి, సమంగా నిలబెట్టండి. చాంబర్ చుట్టూ సన్నగా గ్రీజు రాసి, మధ్యలో రంధ్రం చేసిన పారదర్శక ప్లాస్టిక్ పలకని దాని మీద అద్దండి. మందుల షాపులో దొరికే 20 మి.లీ. సిరంజిలో కిరోసిన్ తీసుకోండి, కొంచెం 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్) కలిపితే రంగు తేలి బాగా కనబడుతుంది. రంధ్రంలోంచి నెమ్మదిగా వదలండి. చివర్లో ఒక గాలి బుడగ పలక కిందే తిరుగుతూ మొండికేస్తుంది. హెడ్‌ని ఒక పక్కకి అర అంగుళం ఎత్తితే అది రంధ్రం దగ్గరికి జరుగుతుంది, అప్పుడు చివరి చుక్కలు వదలండి. సిరంజి ఎంత ఖాళీ అయిందో అంత మీ చాంబర్. దానికి ప్యాకింగ్ మందంలో ఉండే చోటు కలపాలి. పిస్టన్ పైకొచ్చాక బ్యారెల్ అంచు కంటే కిందే ఆగితే ఆ చోటు కలపాలి, ముఖం ఉబ్బుగా ఉంటే అంత తీసేయాలి. మూడుసార్లు కొలవండి. నాకు మొదటిసారి ఎప్పుడూ తప్పే వస్తుంది.

కోయించాక నేరుగా బిగించేయొచ్చా?

వద్దు. పనంతా ఇక్కడే ఉంది, ఆ కోత పది నిమిషాల పని.

ముందు వాల్వు, పిస్టన్ దూరం. పిస్టన్ నెత్తిన పిల్లలు ఆడుకునే మైనపు మట్టిని పల్చటి రొట్టెలా అద్ది, నూనె రాసి, హెడ్ పాత ప్యాకింగ్‌తో బిగించి, క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోండి, బలవంతంగా తిప్పొద్దు. విప్పి మట్టిని బ్లేడుతో కోసి, వాల్వు నొక్కినచోట మందం కొలవండి. ఇన్లెట్ వైపు 1.5 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2 మి.మీ. ఉంటే నాకు నిద్ర పడుతుంది. ఎగ్జాస్ట్‌కి ఎక్కువెందుకంటే అది వేడికి సాగుతుంది, పైగా పిస్టన్ దాన్ని తరుముతూ పైకి వస్తుంది.

తర్వాత టైమింగ్ చైన్, అంటే క్రాంక్ నుంచి క్యామ్‌ని తిప్పే చైన్. హెడ్ 0.7 మి.మీ. కిందికి దిగిందంటే క్యామ్ కూడా అంత దగ్గరైంది. చైన్ వదులుని టెన్షనర్ తీసుకుంటుంది గానీ, క్యామ్ టైమింగ్ క్రాంక్ లెక్కలో రెండు మూడు డిగ్రీలు ఆలస్యమవుతుంది. ఇంత చిన్న కోతకి పర్వాలేదు. ఒకటిన్నర మి.మీ. కోసినవాళ్లు కింది పికప్ పోయిందని మొత్తుకునేది దీనివల్లే, వచ్చింది వచ్చినట్టే ఇక్కడ పోతుంది. పుష్‌రాడ్ ఇంజిన్లలో (క్యామ్ కిందే ఉండి, పొడవాటి రాడ్లతో వాల్వులు తెరిచేవి) ఈ బాధ లేదు, రాడ్ల సర్దుబాటు చూసుకుంటే చాలు.

రేషియో పెరిగితే మిశ్రమం త్వరగా మండుతుంది కాబట్టి స్పార్క్ ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి జరపాలి. పాయింట్లున్న (పాత మెకానికల్ ఇగ్నిషన్) బండ్లలో ప్లేటు తిప్పితే సరి. సీడీఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) బండ్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు. 10 దగ్గరే ఆగమనడానికి అది కూడా ఒక కారణం.

ప్లగ్ ఒక మెట్టు చల్లనిది (వేడిని త్వరగా వదిలేది) వేయండి. ఇక్కడ గందరగోళం ఉంది: ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లో అంకె పెరిగితే చల్లన, బాష్ ప్లగ్‌లో అంకె తగ్గితే చల్లన. ఈ తేడా చూడకుండా షాపువాడు ఇచ్చింది వేసుకుని పిస్టన్‌కి బొక్క పెట్టుకున్నవాళ్లున్నారు.

హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ చూడాలి. రాగి ప్యాకింగ్ వాడితే దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి. ఉక్కైతే అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడి బాగా కూర్చుంటుంది.

యమహా ఆర్ఎక్స్ 100కి హెడ్ కోయించొచ్చా?

ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోవాలి. 1996లో తయారీ ఆగిపోయినా దాని మీద మోజు ఆగలేదు. 98 సీసీతో 11 గుర్రాలు ఇచ్చిన బండి అది.

టూ స్ట్రోక్ లెక్క వేరు. పిస్టన్ సగం పైకొచ్చేదాకా ఎగ్జాస్ట్ పోర్టు తెరిచే ఉంటుంది, అప్పటిదాకా నొక్కడమన్నదే లేదు. అందుకే జపాన్ కంపెనీలు పోర్టు మూసుకున్నాక ఉన్న చోటుతో లెక్కేసి 6, 7 మధ్య అంకెలు ఇస్తాయి. ఆ అంకె చూసి "అబ్బే, చాలా తక్కువ, 9 చేద్దాం" అనుకుని హెడ్‌లు నాశనం చేసినవాళ్లని చూశాను. మొత్తం స్ట్రోక్‌తో లెక్కేస్తే ఆ అంకె చాలా ఎక్కువే ఉంటుంది.

ఇందులో అసలు చూడాల్సింది స్క్విష్, అంటే పిస్టన్ అంచుకీ హెడ్ అంచుకీ మధ్య సందు. ప్లగ్ రంధ్రంలోంచి సోల్డర్ తీగని గోడకి తగిలేదాకా, పిస్టన్ పిన్ ఉన్న దిక్కుగా దూర్చి, కిక్ రాడ్‌ని చేత్తో నెమ్మదిగా నొక్కండి. తీసి, నలిగిన కొసని వెర్నియర్‌తో కొలవండి. ఎదురు పక్క కూడా చేయండి. 100 సీసీకి 0.8 నుంచి 1 మి.మీ. మధ్య ఉంటే బాగుంది. ఆ సందు మిశ్రమాన్ని మధ్యకి చిమ్మి, త్వరగా మండించి, నాకింగ్ కూడా తగ్గిస్తుంది. 0.6 దిగితే వేడి మీద పిస్టన్ హెడ్‌కి తగలొచ్చు.

నన్నడిగితే ఆర్ఎక్స్‌లో హెడ్ కంటే ముందు క్రాంక్ సీళ్లు చూడండి. సీలు పోయి గాలి లాగుతున్న బండికి కంప్రెషన్ పెంచడమంటే జ్వరం ఉన్నవాణ్ని ఎండలో పరిగెత్తించడమే.

పాత బుల్లెట్‌కి?

లాభం ఎక్కువ దక్కేది ఇక్కడే, ఎందుకంటే మొదలయ్యేదే తక్కువ నుంచి. 350 బోరు 70, స్ట్రోక్ 90, మొత్తం 346 సీసీ. 7 నుంచి 8కి వెళ్లాలంటే ఎనిమిది సీసీ పైచిలుకు తగ్గించాలి, బోరు మీద లెక్కేస్తే రెండు మి.మీ. దాటుతుంది. అంత కోత కంటే సరైన పిస్టన్ వెతకడం మేలు. మరో సంగతి, పెంచాక కిక్ కొట్టేటప్పుడు డీకంప్రెసర్ (లోపలి ఒత్తిడిని కాస్త వదిలే లివర్) వాడటం మర్చిపోకండి. వెనక్కి తన్నిందంటే పిక్క మీద గుర్తు పడుతుంది. నాకుంది.

ఇంజెక్షన్ బండ్లకు?

దూరంగా ఉండండి. చిన్న బండ్లలో చాలావాటికి నాక్ సెన్సర్ ఉండదు, కాబట్టి కంప్యూటర్ తనంతట తాను స్పార్క్ వెనక్కి జరుపుకోదు. మ్యాప్ (కంప్యూటర్‌లో ఉండే పెట్రోల్, స్పార్క్ లెక్క) మార్చాలంటే వేరే ఖర్చు. పైగా వాటిని కంపెనీయే అంచు దాకా తెచ్చి ఇస్తోంది.

పొలంలో వాడే ఇంజిన్లకు పెంచొచ్చా?

పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్ మీద నడిపే నీళ్ల ఇంజిన్‌కి అస్సలు వద్దు. కిరోసిన్‌కి నాకింగ్ ఓర్పు బాగా తక్కువ. ఆ ఇంజిన్‌కి కంప్రెషన్ తక్కువ ఇచ్చింది అందుకే. తైవాన్ స్ప్రేయర్‌కి కూడా అనవసరం. రోజంతా ఒకే స్పీడు మీద, మంచి ఎండలో, వీపు మీద నడిచేది. దానికి కావలసింది శుభ్రమైన ఫిల్టరూ, సరైన పాళ్లలో 2టీ ఆయిలూ.

మైలేజ్ పెరుగుతుందా?

లెక్క ప్రకారం రెండు మూడు శాతం పెరగాలి. జెట్ పెంచారంటే అది పోతుంది. పికప్ వచ్చిందని థ్రాటిల్ తిప్పారంటే ఇంకొంచెం పోతుంది.

పోలీసులు, ఆర్టీఓ, వారంటీ?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆర్సీలో సీసీ ఉంటుంది, అంటే పెద్ద బోరు కిట్ వేయడం నేరుగా దాని కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా రాశారు. హెడ్ కోత బయటికి కనబడదు గానీ, వారంటీ ఉన్న బండి హెడ్ కోశారంటే ఆ వారంటీని మర్చిపోండి. పొగ పరీక్ష తప్పినా బాధ్యత మీదే.

నచ్చకపోతే మళ్లీ పాత స్థితికి తేవచ్చా?

పల్చటి ప్యాకింగ్ అయితే తీసి పాతది వేస్తే సరి. బ్యారెల్ అడుగున కోసి ఉంటే అక్కడ మందం ప్యాకింగ్ గానీ అల్యూమినియం పలక గానీ వేసి లేపొచ్చు. హెడ్ కోస్తే మాత్రం పోయిన లోహం రాదు.

అందుకే నేను చెప్పేదొకటి. ఆటోనగర్‌లో పాత సామాన్ల షాపుల్లో తిరిగి, పగుళ్లు లేని, ప్లగ్ మరలు బాగున్న సెకండ్‌హ్యాండ్ హెడ్ ఒకటి తెచ్చుకోండి. కోసేది దాన్ని. బండితో వచ్చిన హెడ్‌కి ఆయిల్ రాసి, గుడ్డలో చుట్టి, వాల్వులతో సహా అటక మీద పెట్టండి. నాది ఇప్పటికీ అక్కడే ఉంది, రెండుసార్లు దించాను.